పొక్లెయిన్, రోలర్, బ్యాక్‌హో: మూడింటికీ ఒకే లోబెడ్ ట్రైలర్ కావాలి. ఏది తీసుకోవాలి?

ప్రశ్న (మట్టిపని కాంట్రాక్టు)

డెక్ (బరువు మోసే తట్టు) నేలకి దగ్గరగా ఉండే లోబెడ్ ట్రైలర్ మీద తరలించాల్సిన యంత్రాలు మూడు. మొదటిది పొక్లెయిన్: కంపెనీ పుస్తకంలో బరువు 20.8 టన్నులు, షూలు (ట్రాకు పలకలు) 600 మి.మీ., వెడల్పు 2.8 మీ., బూమ్ (పొడవాటి చేయి) మడిచాక ఎత్తు 3.05 మీ., పొడవు 9.5 మీ. దానితోపాటు 1.6 టన్నుల రాక్ బ్రేకర్ కూడా వెళ్లాలి. రెండోది 11 టన్నుల రోలర్, నున్నటి డ్రమ్ముది. మూడోది 8 టన్నుల బ్యాక్‌హో లోడర్. ట్రిప్పుకి ఒక యంత్రమే. లాగే బండి 6×4 (ఆరు చక్రాల స్థానాల్లో నాలుగింటికి ఇంజిను బలం అందేది), దాని ఫిఫ్త్ వీల్ (ట్రైలర్‌ని తగిలించుకునే ప్లేటు) 50 మి.మీ. కింగ్ పిన్‌కి (ఆ ప్లేటులో కూర్చునే ట్రైలర్ ముందు పిన్నుకి) సరిపడేది.

చూసినవి మూడు రకాలు. ఒకటి 1.5 మీ. ఎత్తు ఫ్లాట్‌బెడ్. రెండోది రెండు యాక్సిళ్ల సెమీ లోబెడ్, డెక్ ఎత్తు 0.9 మీ., వెనక 2.4 మీ. ర్యాంపులు, ప్లేటు మీద 30 టన్నులని ఉంది. మూడోది గూస్‌నెక్ (డెక్‌ని లాగే బండికి కలిపే, పైకి వంగిన ముందు మెడ) ఊడదీసి ముందు నుంచి యంత్రాన్ని ఎక్కించే లోబెడ్, డెక్ 0.55 మీ. 22 టన్నుల బరువుకి 30 టన్నుల ప్లేటు ధారాళంగా చాలుతుంది కదా? రెండు యాక్సిళ్లు చాలా, మూడు కావాలా? సెకండ్ హ్యాండ్ అయితే ఏమేం చూసుకోవాలి?

చాసిస్ ఫ్యాబ్రికేటర్

ఫ్లాట్‌బెడ్‌ని ముందే పక్కన పెట్టేయండి. 1.5 మీద 3.05 అంటే 4.55 మీటర్ల ఎత్తు. వంతెనల కింద, కరెంటు తీగల కింద ప్రతి ట్రిప్పూ గండమే. బరువంతా పైకి పోతే మలుపుల్లో పక్కకి ఒరిగే ప్రమాదం వేరే. 0.9 డెక్ మీద అదే యంత్రం 3.95 దగ్గర ఆగుతుంది.

ఇక 30 టన్నుల ప్లేటు సంగతి. అమ్మేవాళ్లని అడగాల్సిన మొదటి మాట "ఎన్ని టన్నులు" కాదు, "ఎన్ని మీటర్లలో అన్ని టన్నులు" అని. డెక్ పొడవునా బస్తాలు పరిచినట్టు సమంగా పడే 30 టన్నులు వేరు, పొక్లెయిన్ బరువు పడే తీరు వేరు. ఈ తరగతి పొక్లెయిన్ ట్రాక్ నేలకి ఆనే పొడవు సుమారు మూడున్నర మీటర్లే. బరువు మొత్తం ఆ మూడున్నర మీటర్ల మీదే కూర్చుంటుంది.

లెక్క చేసి చూడండి. కింగ్ పిన్ నుంచి యాక్సిల్ గ్రూపు మధ్యకి 9 మీ. అనుకుందాం. 23 టన్నులు (22 కాక 23 ఎందుకో కింద చెబుతాను) ఆ 9 మీటర్ల మీద సమంగా పడితే మెయిన్ బీమ్ మధ్యలో వంపు బలం దాదాపు 26 టన్ను-మీటర్లు. అవే 23 టన్నులు నడిమధ్యన మూడున్నర మీటర్లలో పడితే దాదాపు 42. బరువు పెరగలేదు, బీమ్ మీద భారం మాత్రం 1.6 రెట్లయింది. సమంగా పరిచిన లెక్కతో 30 టన్నులని రాసిన బీమ్ మీద ఈ పొక్లెయిన్ పెట్టారంటే పైకి కనబడకుండానే హద్దు దాటేసినట్టు. మొదటి ట్రిప్పులో విరగదు. కొన్ని నెలలకి గూస్‌నెక్ వంపు దగ్గర వెల్డింగులో వెంట్రుకవాసి పగులు మొదలవుతుంది. అందుకే 4 మీటర్ల లోపల 30 టన్నులు మోస్తుందని రాతపూర్వకంగా ఇచ్చే ట్రైలరే తీసుకోండి.

మీరు 22 టన్నులంటున్నారు గానీ 23 పెట్టుకుని లెక్కేయండి. నిండు డీజిలు, పెద్ద బకెట్, క్విక్ కప్లర్, ట్రాకుల్లో ఇరుక్కున్న తడిమట్టి ఇవన్నీ పుస్తకంలో ఉండవు. ఒకసారి వేబ్రిడ్జి ఎక్కిస్తే ఊహలతో పని ఉండదు.

యాక్సిళ్లకీ అదే కొలతతో చెబుతాను. ట్రైలర్ సొంత బరువు 10 టన్నులు, అందులో 7 యాక్సిళ్ల మీద, 3 కింగ్ పిన్ మీద అనుకోండి. యంత్రం, బ్రేకర్ కలిపి బరువు కేంద్రం కింగ్ పిన్‌కి 5 మీటర్ల వెనక ఉంటే 23 × 5 ÷ 9, అంటే 12.8 టన్నులు యాక్సిళ్ల మీదికి, 10.2 కింగ్ పిన్ మీదికి వెళతాయి. మొత్తం యాక్సిళ్ల మీద 19.8, కింగ్ పిన్ మీద 13.2. మూడు యాక్సిళ్లుంటే ఒక్కోదానికి 6.6 టన్నులు. రెండే అయితే 9.9.

లోబెడ్లకి ఎక్కువగా వచ్చే 235/75 ఆర్ 17.5 టైరు, లోడ్ ఇండెక్స్ (టైరు మోసే బరువుని చెప్పే అంకె, ఒంటిగా/జంటగా) 143/141 తీసుకుంటే, జంటగా బిగించినప్పుడు ఒక్కో టైరు 2,575 కిలోలు మోస్తుంది. నాలుగు టైర్ల యాక్సిల్‌కి 10.3 టన్నులు. 9.9కీ 10.3కీ మధ్య మిగిలింది 400 కిలోలు. ఒక టైరులో గాలి కాస్త తగ్గినా జోడీ టైరు మీద భారం హద్దు దాటుతుంది, వేడెక్కి పేలుతుంది. ఇంతకన్నా ముందు మీ రోడ్ల మీద యాక్సిల్‌కి చట్టం ఒప్పుకునే బరువు ఎంతో చూసుకోండి, చాలాచోట్ల టైరు కంటే అదే ముందు అడ్డుపడుతుంది. మీ బరువుకి మూడు యాక్సిళ్లు తప్పనిసరి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

లోబెడ్ డ్రైవరు

బీమ్ లెక్కలు ఆయన చెప్పారు. నా మాట ర్యాంపుల మీద, ఎందుకంటే యంత్రాలు బోల్తాపడేది రోడ్డు మీదకంటే ఎక్కించేటప్పుడే ఎక్కువ.

0.9 మీ. ఎత్తుకి 2.4 మీ. ర్యాంపు వేస్తే వాలు 22 డిగ్రీలు. పొక్లెయిన్‌కి ఎక్కే సత్తువ ఉంటుంది, ప్రమాదం పైఅంచు దగ్గర. ట్రాక్ సగం దాటేదాకా ముక్కు గాల్లోకి లేచే ఉంటుంది, బరువు కేంద్రం అంచు దాటగానే ఒక్కసారిగా డెక్ మీదికి పడుతుంది. వాలు ఎంత ఎక్కువైతే ఆ దెబ్బ అంత గట్టిగా ఉంటుంది. నున్నటి డ్రమ్ము రోలర్‌కైతే 22 డిగ్రీలు అసలు పనికిరాదు. ఇనుము మీద ఇనుము, పైన కాస్త తడి ఉంటే డ్రమ్ము తిరుగుతూనే వెనక్కి జారుతుంది.

వెనక తోకభాగం వాలుగా ఉన్న డెక్ చూడండి. చివరి మీటరున్నరలో డెక్ 30 సెం.మీ. దిగిందంటే తోక వాలు 11 డిగ్రీలు, ర్యాంపు ఎక్కాల్సిన ఎత్తు 60 సెం.మీ.కి తగ్గుతుంది. అప్పుడు అదే 2.4 మీ. ర్యాంపు 14.5 డిగ్రీలకి వస్తుంది. ఒక్క పెద్ద విరుపు బదులు రెండు చిన్న విరుపులు. తోక లేని డెక్ అయితే 15 డిగ్రీల లోపు రావడానికి మూడున్నర మీటర్ల ర్యాంపు కావాలి, అంత బరువైన ర్యాంపుని హైడ్రాలిక్ లేకుండా ఎత్తలేం.

ర్యాంపు మీద కనీసం 50 మి.మీ. మందం గట్టి చెక్క పలకలు బిగించి ఉండాలి, లేదా మందపాటి రబ్బరు మ్యాట్లు పరవాలి. అడ్డపట్టీలు వెల్డ్ చేసిన ఇనుప ర్యాంపు పొక్లెయిన్ ట్రాకుకి పట్టు ఇస్తుందిగానీ డ్రమ్ముకి ఇవ్వదు. ఒక్కో ర్యాంపు వెడల్పు 750 మి.మీ. తగ్గకూడదు, మీ షూలే 600 కదా. ర్యాంపులు పక్కకి జరిగేవి అయ్యుండాలి. పొక్లెయిన్ ట్రాకుల దూరం, బ్యాక్‌హో టైర్ల దూరం ఒకటి కావు.

చాలామంది పట్టించుకోనిది వెనక ఆసరా కాళ్లు. యంత్రం తోకభాగం మీద ఉన్నప్పుడు దాని బరువు యాక్సిళ్ల వెనక పడుతుంది. త్రాసులా ట్రైలర్ ముందుభాగం లేస్తుంది, దాంతోపాటు లాగే బండి వెనక చక్రాల మీద బరువు తేలిపోతుంది. ఆ బండి పార్కింగ్ బ్రేకు పట్టుకున్నది సరిగ్గా ఆ చక్రాలనే. పట్టు పోయిందంటే బండి మొత్తం జరుగుతుంది, యంత్రం ర్యాంపు మీద ఉండగానే. కాబట్టి తోక కింద మడత కాళ్లు ఉన్న ట్రైలరే కొనండి. లేకపోతే ప్రతిసారీ చెక్క దిమ్మలు పేర్చాలి. ట్రైలర్ పార్కింగ్ బ్రేకు వేసి, గేరులో మెల్లగా లాగి చూసి, చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టాకే ఎక్కించడం మొదలుపెట్టాలి.

ఎక్కించేటప్పుడు బూమ్ పైవాలు వైపు, బకెట్ డెక్‌కి దగ్గరగా. ర్యాంపు మీద స్టీరింగు తిప్పకూడదు. వంకరగా వచ్చిందనిపిస్తే కిందికి దిగి, సరిచేసుకుని మళ్లీ ఎక్కాలి.

ప్రశ్న అడిగినవారు

వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలండి. ర్యాంపు వాలే ఇంత సమస్య అయితే, గూస్‌నెక్ ఊడే రకం నేరుగా తీసుకుంటే మేలేమో? 0.55 మీటరే కదా ఎక్కాల్సింది. బ్రేకర్ ఎక్కడ పెట్టాలన్నది కూడా చెప్పండి.

హైడ్రాలిక్ మెకానిక్

ఎక్కించడానికి అంతకంటే సుఖమైనది లేదు, నిజమే. గూస్‌నెక్ తీశాక డెక్ ముందుభాగం నేలకి దిగుతుంది, చిన్న ర్యాంపుతో రోలర్ కూడా నడిచినట్టు ఎక్కుతుంది. నేలకి బాగా దగ్గరగా ఉండే పేవర్ లాంటి యంత్రాలు మీకు ఉండి ఉంటే నేనూ అదే తీసుకోమనేవాడిని.

మీ మూడు యంత్రాలకి మాత్రం దాని ఇబ్బందులే ఎక్కువ. గూస్‌నెక్ మళ్లీ తగిలించాలంటే నేల గట్టిగా, దాదాపు సమంగా ఉండాలి. లాగే బండీ డెక్కూ వేర్వేరు వాలుల్లో ఉంటే కొక్కేలు గాడిలో కూర్చోవు. బురద సైటులో లోడుతో ఉన్న డెక్ దిగబడితే సిలిండర్లు నేలని కిందికి నొక్కుతాయి తప్ప డెక్‌ని పైకి ఎత్తవు. కింద మందపు చెక్కలు పరిచే ఓపిక ప్రతి ట్రిప్పుకీ ఉండాలి. ఇంకొకటి, డెక్ పైభాగం 0.55 మీ. అంటే అడుగుభాగం నేలకి ఎంత దగ్గరో ఊహించండి. 15 సెం.మీ. ఖాళీతో రైల్వే గేటు దగ్గరి మిట్ట ఎక్కితే నడుం ఆనుకుని చక్రాలు ఊరికే తిరుగుతాయి. పట్టాల మీద ఇరుక్కోవడం కంటే ఘోరం లేదు. సైటు దారులు, స్పీడ్ బ్రేకర్లు, గట్లు దాటే పనికి 0.9 డెక్కే నయం.

దీనికి పంపు కూడా కావాలి. బండి పీటీవో (ఇంజిను బలాన్ని బయటి పంపుకి అందించే ఏర్పాటు) నుంచి తీసుకోవచ్చు, లేదా ట్రైలర్ మీదే చిన్న ఇంజిను పెట్టించుకోవచ్చు. పైపులు, సీళ్లు, కొక్కేల దగ్గర అరిగే పిన్నులు కలుపుకుంటే చూసుకోవాల్సిన పని రెట్టింపవుతుంది, సొంత బరువూ పెరుగుతుంది. ఆ పెరిగిన బరువు మీ లోడు హద్దులోంచే పోతుంది.

మీ వెనక ర్యాంపులకి మాత్రం హైడ్రాలిక్ పెట్టించుకోండి. స్ప్రింగు ర్యాంపు చేత్తో లేస్తుంది, నిజమే. స్ప్రింగు పాతబడి బలం తగ్గాక ర్యాంపు కింద నిలబడ్డ మనిషికి ప్రాణాపాయం. హైడ్రాలిక్ అయినా సిలిండర్‌కే లాక్ వాల్వు ఉండాలి, అప్పుడు పైపు తెగినా ర్యాంపు పడదు. ప్రయాణంలో ర్యాంపుని గొలుసు వేసి కట్టాల్సిందే, నూనె ఒత్తిడిని నమ్ముకోకూడదు.

చాసిస్ ఫ్యాబ్రికేటర్

బ్రేకర్‌ని గూస్‌నెక్ మీద పెడితే దాని 1.6 టన్నులు దాదాపు మొత్తం కింగ్ పిన్ మీదే పడతాయి. లాగే బండి వెనక యాక్సిళ్లకి ఆ చోటు ఉందో లేదో చూసుకుని పెట్టండి. ఎక్కువ చోట్ల డెక్ ముందంచున, పొక్లెయిన్‌కి ముందు, చెక్కల మీద పడుకోబెట్టి విడిగా కట్టడమే మంచిది. పొక్లెయిన్ గొలుసులకి కలిపి కట్టకూడదు.

యంత్రాన్ని ఎక్కడ నిలపాలన్నదానికి ఒక గుర్తు: పై లెక్కలో అర మీటరు వెనక్కి జరిపితే సుమారు 1.3 టన్నులు కింగ్ పిన్ నుంచి యాక్సిళ్ల మీదికి పోతాయి. వేబ్రిడ్జి మీద ముందు లాగే బండిని, తర్వాత మొత్తాన్ని తూచి, సరైన చోటు దొరికాక డెక్ పక్కన పెయింటుతో గీత గీయండి. మూడు యంత్రాలకి మూడు రంగులు. ముందు బరువు తక్కువైతే స్టీరింగు తేలిపోతుంది. ఎక్కువైతే లాగే బండి వెనక యాక్సిళ్లు హద్దు దాటుతాయి.

సెకండ్ హ్యాండ్ సంగతికి వద్దాం. నేను చూసే వరుస చెబుతాను. మొదట దూరంగా నిలబడి ఖాళీ డెక్‌ని పక్కనుంచి చూడండి. మంచి లోబెడ్ మెయిన్ బీమ్‌ని మధ్యలో కాస్త పైకి వంచి కడతారు, లోడు పడ్డాక సమం అవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడే మధ్య భాగం కిందికి జారి ఉంటే ఆ బీమ్ అలిసిపోయినట్టే. అక్కడితో బేరం ఆపేయవచ్చు.

తర్వాత గూస్‌నెక్ వంపు, కింగ్ పిన్ ప్లేటు చుట్టూ, సస్పెన్షన్ హ్యాంగర్లు బీమ్‌కి అతికిన చోట్లు. తుడిచి టార్చి వేసి చూడాలి. పెయింటు మీద సన్నటి తుప్పు గీత ఉంటే దాని కింద పగులు ఉండే అవకాశం ఎక్కువ. వంపు దగ్గర మాత్రమే కొత్త పెయింటు వేసి ఉంటే గీకి చూపించమనండి. హై టెన్సైల్ (ఎక్కువ బలమున్న ఉక్కు) బీమ్ అడుగు ఫ్లాంజ్‌కి (కింది పట్టీకి) అడ్డంగా ఎవరైనా వెల్డింగు వేసి ఉంటే నాకు అసలు నచ్చదు, ఆ వేడికి అక్కడి ఇనుము బలం తగ్గుతుంది, తర్వాతి పగులు అక్కడే మొదలవుతుంది.

కింగ్ పిన్‌ని వెర్నియర్‌తో కొలవండి. 50 రకానికి కొత్తలో మెడ 50.8 మి.మీ., 49కి దిగితే మార్చాలి. పైన లావు భాగం కొత్తలో 73, హద్దు 71. కింగ్ పిన్ నుంచి మొదటి యాక్సిల్ రెండు చివరలకీ టేపు పట్టండి. తేడా 3 మి.మీ. దాటితే ట్రైలర్ పక్కకి లాగుతూ నడుస్తుంది, టైర్లు ఈకల్లా అరుగుతాయి. టైరు అరుగుదల చూసి కూడా ఇది పట్టుకోవచ్చు.

కమాను కట్టల మధ్య ఉండే బ్యాలెన్సింగ్ చేతుల బుష్‌లు కడ్డీతో కదిపి చూడాలి. సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ జరిగిన గుర్తు యూ బోల్టుల దగ్గర తుప్పు మరకగా కనబడుతుంది. బ్రేకు బూస్టర్లు (గాలి ఒత్తిడితో బ్రేకుని నొక్కే డబ్బాలు) 30 రకానివైతే, బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు పుష్ రాడ్డు 51 మి.మీ. దాటి బయటికి రాకూడదు. చిన్న చక్రాలకి డ్రమ్ము కూడా చిన్నదే, అది త్వరగా వేడెక్కుతుంది. అందుకే ఘాట్ దిగేటప్పుడు ఒక్క చక్రం బ్రేకు వదులుగా ఉన్నా మిగతావి కాలిపోతాయి.

లోబెడ్ డ్రైవరు

కట్టడం గురించి ఎవరూ చెప్పలేదు. ట్రైలర్ ఎంపికలో అది కూడా భాగమే. డెక్ పక్కన కొక్కేలు ఎన్ని ఉన్నాయి, ఒక్కోటి ఎంత లాగుడు తట్టుకుంటుందో కొనేటప్పుడే అడగాలి. పక్క పట్టీకి వెల్డ్ చేసిన పల్చటి రింగులు గొలుసు కంటే ముందే ఊడతాయి.

ట్రాకు ఇనుముది, డెక్ గీతల ఇనుప ప్లేటు అయితే ఘర్షణ 0.1 నుంచి 0.2 మాత్రమే. గట్టి బ్రేకులో యంత్రం ముందుకి తోసే బలాన్ని దాని బరువులో 0.8 వంతుగా, పక్కకీ వెనక్కీ 0.5 వంతుగా లెక్కేస్తారు. అంటే ఆ తోపులో అధిక భాగం గొలుసులే భరించాలి. చెక్క డెక్ మేలని అందరూ అనేది ఇందుకే.

అమెరికా రవాణా నియమాల్లో ఒక లెక్క ఉంది, ఎక్కడైనా పనికొస్తుంది. 4,536 కిలోలు దాటిన ట్రాక్ లేదా చక్రాల యంత్రానికి కనీసం నాలుగు కట్లు ఉండాలి. అన్ని కట్ల పని సామర్థ్యం (సురక్షితంగా తట్టుకునే హద్దు) కలిపి బరువులో సగానికి తగ్గకూడదు. ట్రైలర్ నుంచి నేరుగా యంత్రానికి వేసిన గొలుసుకి దాని సామర్థ్యంలో సగమే లెక్కలోకి తీసుకుంటారు. ఈ చివరి మాట దగ్గరే చాలామంది పొరబడతారు. 70 గ్రేడు (ఉక్కు బలం తరగతి) 10 మి.మీ. గొలుసు పని సామర్థ్యం సుమారు 2,990 కిలోలు. నాలుగు వేస్తే లెక్కలోకి వచ్చేది 6 టన్నుల లోపే. బ్రేకర్ కాకుండా, మట్టితో కలిపి 21.5 టన్నుల పొక్లెయిన్‌కి కావాల్సింది 10.75. అదే గ్రేడులో 13 మి.మీ. గొలుసు 5,130 కిలోలది. నాలుగింటికి 10.26, ఇంకా చాలదు. బకెట్ మీద వేసే ఐదో గొలుసు కలిపాక 12.8 అవుతుంది. కాబట్టి మీకు 13 మి.మీ. గొలుసులు ఐదు.

ముందు రెండు ముందుకి లాగాలి, వెనక రెండు వెనక్కి. డెక్‌తో గొలుసు కోణం 45 డిగ్రీల లోపు ఉండాలి. యంత్రం మీద కట్టే చోటు కంపెనీ గుర్తు వేసిన రంధ్రాలే. ట్రాక్ షూల మీదుగా, సిలిండర్ రాడ్డుకి, చేతిపట్టీలకి కట్టకూడదు. స్వింగ్ లాక్ (యంత్రం పైభాగం తిరగకుండా ఆపేది) వేసి, బకెట్ కింద చెక్క పెట్టి దించాలి. రోలర్ నడుం దగ్గర లాక్ కడ్డీ ఉంటుంది, అది బిగించకపోతే మలుపులో నడుం మడతపడి గొలుసులన్నీ ఒక్కసారిగా వదులవుతాయి. రోలర్ వెనకవైపు, బ్యాక్‌హోకి రబ్బరు టైర్లు ఉంటాయి, కుదుపులకి టైర్లు అణిగి కట్లు సడలుతాయి. అందుకే మొదటి 50 కిలోమీటర్లలోపే ఆగి మళ్లీ బిగించాలి. గొలుసు బిగించడానికి లివర్ బైండర్ వద్దు, రాట్చెట్‌ది తీసుకోండి. లివర్ వెనక్కి తన్నితే దవడ ఎముక విరుగుతుంది.

సైలెన్సర్ గొట్టం గాలికి ఎదురుగా తెరిచి ఉంటే మూత వేయండి. ఇంజిను ఆగి ఉండగా గాలికి టర్బో తిరిగితే బేరింగుకి నూనె అందదు.

ప్రశ్న అడిగినవారు

అయితే 0.9 డెక్, మూడు యాక్సిళ్లు, తోక వాలుతో 2.4 మీ. హైడ్రాలిక్ ర్యాంపులు, వెనక కాళ్లు, చెక్క డెక్, 4 మీటర్లలో 30 టన్నులు. ఇలా రాసి కొటేషన్ అడుగుతాను. 2.8 మీ. యంత్రానికి డెక్ వెడల్పు ఎంత ఉండాలి?

చాసిస్ ఫ్యాబ్రికేటర్

డెక్ 2.6 అయితే రెండు వైపులా ట్రాకు 10 సెం.మీ. చొప్పున బయటికి వస్తుంది. పక్కలకి లాగే మడత బ్రాకెట్లు పెట్టించి, వాటి మీద చెక్క పలక వేస్తే షూ మొత్తం ఆనుతుంది, లేకపోతే అంచు పట్టీ వంగుతుంది. వెడల్పు హద్దు దాటిన లోడుకి అనుమతి, ఎర్ర జెండాలు, రాత్రి దీపాలు అవసరమవుతాయి. ఆ దీపాలకి వైరింగు, ప్లగ్గులు తయారీలోనే పెట్టించండి. కొటేషన్‌లో ఇంకో మాట చేర్చండి: మొదటి లోడు ట్రిప్పు అయ్యాక యూ బోల్టులు, వీల్ నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించి ఇవ్వాలని. కొత్త కమాను కట్ట ఆకులు మొదటి బరువుకి సర్దుకుంటాయి, అప్పటిదాకా బిగుతుగా ఉన్న యూ బోల్టు ఆ తర్వాత వదులవుతుంది.